అమ్మ టికెట్టు కోసం నీళ్లతో చల్లబడే కంప్యూటర్

కంప్యూటర్ కొనేముందు నలుగురి సలహా తీసుకోనివాడు మనిషే కాదు! ఈ మాట నేను ఆవేశంలో అనడం లేదు. సియోల్ పక్కన బుచోన్‌లో చాలా ఏళ్లుగా కాపురం ఉంటూ, బాగా ఆలోచించి, కడుపునిండా తిన్నాక అంటున్నాను.

మీరే చెప్పండి. ఈ రోజుల్లో ఎవరైనా ఎవరికైనా దేన్నైనా ఊరికే ఇస్తున్నారా? లిఫ్టులో ఎదురైన పక్కింటాయన ఒక నవ్వు కూడా ఇవ్వడు. అదే లిఫ్టులో "కంప్యూటర్ కొందామనుకుంటున్నా" అని గొణిగి చూడండి. మీరు దిగాల్సిన అంతస్తు దాటిపోతుంది, ఆయన దిగాల్సిందీ దాటిపోతుంది, ఆయన నోరు మాత్రం ఆగదు. మీకు జబ్బు చేస్తే పళ్లరసం డబ్బా గుమ్మంలో పెట్టి వెళ్లిపోయే బంధువులు, మీ కంప్యూటర్‌కి జబ్బు చేసిందంటే చొక్కా చేతులు మడుచుకుని వస్తారు. ఇంత ప్రేమ ఇంకెక్కడ దొరుకుతుంది?

నమ్మకం కుదరకపోతే తక్ మున్‌సిక్ సంగతి వినండి.

మున్‌సిక్ ఇళ్లలో నేల మీద పరిచే షీట్లు అమ్మే కంపెనీలో ఉద్యోగి. అతని తల్లి సున్‌రేకి త్వరలో డెబ్బై నిండుతాయి. పుట్టినరోజుకి ఆవిడ కోరింది బంగారం కాదు, విదేశీయాత్ర కాదు. మో జిన్‌హా కచేరీకి టికెట్టు. మో జిన్‌హా పాత బాణీలో ట్రాట్ పాటలు పాడతాడు. అతను గొంతు వణికించి ఒక చరణం ఎత్తుకుంటే కొరియాలో అమ్మలందరూ మోకాళ్ల నొప్పులు మరిచిపోతారు.

ఆ టికెట్లు సాయంత్రం ఎనిమిదికి ఆన్‌లైన్‌లో పెడతారు. ఎనిమిది దాటాక ఊపిరి పీల్చుకునేలోపు అయిపోతాయి. అందుకే ఈ దేశంలో తల్లి మీద కొడుక్కి ప్రేమెంతో ఇప్పుడు మౌస్ నొక్కే వేగాన్ని బట్టి తేలుస్తున్నారు.

సున్‌రే అప్పటికే పాటల క్లాసులో అందరికీ చెప్పేసింది. మావాడు పొద్దస్తమానం కంప్యూటర్ ముందే కూర్చుంటాడు, వాడికిదో లెక్కా అని. వీపు మీద గాయకుడి పేరు తళతళలాడే నారింజరంగు కోటు కూడా కొనేసింది. టికెట్టు దొరక్కపోతే ఆ కోటు బీరువాలోకీ, ఆవిడ ఇంట్లోకీ పోవాల్సిందే. పాటల క్లాసులో మళ్లీ ముఖం చూపించడం ఆవిడ వల్ల కాదు. ఆ సంగతి మున్‌సిక్‌కి తెలుసు.

ఇంట్లో పాత కంప్యూటర్ ఒకటుంది. నిదానమే కానీ బాగానే పనిచేస్తోంది. అక్కడితో ఊరుకుంటే ఈ కథే లేదు. అదృష్టవశాత్తూ ఊరుకోలేదు! మధ్యాహ్నం ఆఫీసు వాళ్లంతా కలిసి వేడివేడి సూప్ తాగుతుండగా, టికెట్ల కోసం కొత్త కంప్యూటర్ కొంటే మంచిదేమో అన్నాడు.

టేబుల్ మీద చెంచాలన్నీ ఆగిపోయాయి.

అందరి నోళ్లూ తెరుచుకున్నాయి గానీ, మేనేజర్ యోమ్ గారు మాట్లాడేదాకా మిగతావాళ్లు మాట్లాడకూడదు కదా. ఆయన మూతి తుడుచుకుని, కుర్చీలో వెనక్కి వాలారు.

"గ్రాఫిక్స్ కార్డు," అన్నారు. "దొరికినవాటిలో పెద్దది తీసుకో. తక్కినవన్నీ దాని వెనకే నడుస్తాయి."

గ్రాఫిక్స్ కార్డు ఉన్నది ఆటల్లో రాక్షసుల ఒంటి మీద పొలుసులు పొలుసులుగా కనిపించడానికి. టికెట్ల పేజీలో ఉండేవి కుర్చీల గుర్తుగా చిన్నచిన్న చతురస్రాలు. అడగొచ్చుగా అంటారా? ఎలా అడుగుతాడండీ! మేనేజర్ పోసిన గ్లాసునీ, మేనేజర్ ఇచ్చిన సలహానీ రెండు చేతులతో అందుకోవాలి. కింద పెట్టకూడదు. మున్‌సిక్ కొన్నాడు. అట్టపెట్టె ఎంతుందంటే, మెట్రోలో ఒక పెద్దావిడ దానికి సీటిచ్చి తను నిలబడింది.

ఇంక మిగతా భాగాలు కావాలి. వాటికోసం ఇంటర్నెట్‌లో సలహాల ఫోరం ఉంది. అక్కడ అడిగేవాడి వయసెంతైనా, అందరికీ తమ్ముడే. "అన్నయ్యలూ, నా జాబితా కాస్త చూసి పెట్టండి" అని మొదలుపెట్టాలి. మున్‌సిక్ అలాగే మొదలుపెట్టాడు. వెంటనే, ఆ ఫోరంలో అందరూ భయభక్తులతో పిలుచుకునే ప్రాసెసర్ తాత అనే మారుపేరున్న మహానుభావుడు దిగాడు.

"నీకీ కార్డు కొనమన్న వెధవ ఎవడు?" అని రాశాడు తాత. "వాడి మాట జన్మలో వినకు. ఉన్న డబ్బంతా ప్రాసెసర్ మీద పెట్టు."

తాత తిట్టాడంటే అందులో ఎంత ఆత్మీయత ఉందో చూడండి! ముక్కూ మొహం తెలియని తమ్ముడి కోసం అంత బాధపడే అన్నయ్య ఏ దేశంలో ఉన్నాడు? మున్‌సిక్ కళ్లు చెమర్చాయి. ఖరీదైన ప్రాసెసర్ కొన్నాడు.

ఆదివారం బావమరిది బోమ్‌జిన్ వచ్చాడు. నల్లసాస్ నూడుల్స్ తెప్పించుకుని తిని, పెట్టెలన్నీ విప్పి, తల పట్టుకున్నాడు.

"ఇంత ప్రాసెసర్ వేడెక్కితే ఇల్లు తగలబడుతుంది బావా. దీన్ని ఫ్యాన్‌తో చల్లబరుస్తావా? నీళ్లు తిప్పాలి. గొట్టాల్లో నీళ్లు. మా ఇంట్లో అదే."

మున్‌సిక్ భార్య సోరా వంటగదిలోంచి, పాతదానికేం వచ్చిందని అడిగింది. మంచి ప్రశ్న అడిగినవాళ్లని ఎవరు పట్టించుకుంటారు? పాతది కూడా అదే పూట బోమ్‌జిన్ కారెక్కి వెళ్లిపోయింది, విడిభాగాలకి పనికొస్తుందని.

గొట్టాలు కూడా కొని, ఇవన్నీ పట్టుకుని మున్‌సిక్ సియోల్‌లో యోంగ్‌సాన్ మార్కెట్‌కి వెళ్లాడు, బిగింపు కోసం. అక్కడ దో అనే కొట్టాయన ఉన్నాడు. మున్‌సిక్‌ది బుచోన్ అని తెలిసి, నాదీ బుచోన్ స్టేషన్ పక్కనే కదా అని ఆనందపడ్డాడు. తర్వాత సంచిలోకి తొంగిచూసి ఆనందం మానేశాడు.

"ఇవన్నీ కొనమన్నవాళ్లకి నీ మీద ఏదన్నా పగుందా తమ్ముడూ?"

కార్డు మామూలు కంప్యూటర్ పెట్టెలో పట్టదట, పెద్ద పెట్టె కావాలట. ఇంతింతవాటికి కరెంటు చాలదట, పెద్ద సప్లై కావాలట. పెద్ద సప్లైకి తగ్గట్టు పెద్ద బోర్డు కావాలట. పక్క ఊరివాడైతే ఇంత వివరంగా చెప్పేవాడు కాదని, మనూరివాడని చెబుతున్నానని కూడా అన్నాడు. మున్‌సిక్ సొంత ఊరి మీద అభిమానంతో అన్నీ కొన్నాడు.

టికెట్లు పెట్టే రోజు రానే వచ్చింది. మున్‌సిక్ సెలవు పెట్టాడు. మధ్యాహ్నం బటన్ నొక్కాడు. ఫ్యాన్లు విమానంలా లేచాయి, గొట్టాల్లో నీళ్లు గలగలమన్నాయి, పెట్టెంతా ఏడు రంగుల్లో వెలిగింది. స్క్రీన్ మాత్రం నీలంగా మారి, ఏదో తప్పు జరిగిందని తెల్లక్షరాల్లో తెలియజేసి ఆగిపోయింది.

ఇలాంటప్పుడే కదా ఆత్మీయులు కావాల్సింది! మేనేజర్‌కి ఫోన్ చేశాడు. బావమరిదికి చేశాడు. దో గారికి చేశాడు. తాతకి రాశాడు. ఇన్నాళ్లూ ఒకరి మాట ఒకరికి పొసగని ఆ నలుగురూ మొట్టమొదటిసారి ఒకే మాట మీద నిలబడ్డారు. ఫార్మాట్ చెయ్యి! ఉన్నదంతా తుడిచేసి మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టు! ఉత్తర దక్షిణ కొరియాలని కలపలేని ఈ దేశాన్ని కలిపి ఉంచుతున్న సిద్ధాంతం అదొక్కటే.

చేశాడు. కంప్యూటర్ లేచింది. ఆనందంతో టికెట్ల సైట్ తెరిచాడు. లోపలికి రావాలంటే భద్రతా ప్రోగ్రామ్ వేసుకోమంది సైట్. వేశాడు. కీబోర్డుకి విడిగా ఇంకొకటి వెయ్యమంది. వేశాడు. ఇప్పుడు మొదటిది తీసేసి, కంప్యూటర్ ఆపి, మళ్లీ తెరవమంది. ఆపి తెరిచాడు.

నీలం.

అప్పటికి ఏడు దాటింది. సున్‌రే ఫోన్ చేసింది. "ఒరేయ్ నాన్నా, కంగారుపడకు. తాపీగా నొక్కు. నీ చేతిలో పని," అంది. వెనకనుంచి ఆడవాళ్ల నవ్వులు వినిపించాయి. పాటల క్లాసంతా ఆవిడ ఇంట్లోనే కూర్చుంది.

మున్‌సిక్ చెప్పులు కూడా ఇంట్లో తొడుక్కునేవే వేసుకుని పరిగెత్తాడు. ఎక్కడికి? స్టేషన్ దగ్గర పీసీ బాంగ్‌కి. అంటే గంటకింతని కంప్యూటర్లు అద్దెకిచ్చే హాలు. ఊళ్లో అన్నిటికంటే వేగంగా ఇంటర్నెట్ వచ్చేది అక్కడేనని చిన్నపిల్లలకి కూడా తెలుసు. అందుకే ఎవరూ సలహాగా చెప్పలేదు కాబోలు.

మామూలుగా అక్కడ కంప్యూటర్ ఆటల తుపాకుల మోత ఉంటుంది. ఆ సాయంత్రం పరీక్షహాల్లా ఉంది. నడివయసు మనుషులు వరసగా నిటారుగా కూర్చుని, ఒకే టికెట్ల పేజీ తెరిచి, కళ్లార్పకుండా చూస్తున్నారు. పక్కన నూడుల్స్ గిన్నెలు చల్లారిపోతున్నాయి. చివరి వరసలో ఒక్క కుర్చీ ఖాళీగా ఉంది. మున్‌సిక్ అందులో కూలబడి పక్కకి చూశాడు.

బోమ్‌జిన్.

"ఏరా, ఇంట్లో నీళ్ల మిషన్ పెట్టుకుని ఇక్కడేం చేస్తున్నావ్?"

"కారింది బావా," అన్నాడు బోమ్‌జిన్ స్క్రీన్ మీంచి చూపు తిప్పకుండా. "వానాకాలం నుంచి రిపేర్‌లోనే ఉంది. ఇప్పుడు మాట్లాడించకు, మా అత్తగారికి టికెట్టు కావాలి."

అవతలి కుర్చీలోంచి దగ్గు వినిపించింది. యోంగ్‌సాన్ దో గారు. తనకి ఇంట్లో కంప్యూటరే లేదనీ, పొద్దుటినుంచి సాయంత్రం దాకా కొట్లో వాటి మొహం చూశాక మళ్లీ ఇంట్లో కూడానా అనీ ఆయన వివరించాడు. ఆయన తల్లికీ మో జిన్‌హా అంటే ప్రాణమట.

ఇక ముందు వరసలో ఉన్న వీపుని మున్‌సిక్ రోజూ ఆఫీసులో చూస్తూనే ఉంటాడు. లేచి వెళ్లి వంగి నమస్కరించాడు. వంగినప్పుడు స్క్రీన్ కనిపించింది. టికెట్ల పేజీ పక్కనే సలహాల ఫోరం తెరిచి ఉంది. యోమ్ గారు ఎవరో తమ్ముడికి జవాబు రాస్తున్నారు. పైన పేరు, ప్రాసెసర్ తాత.

"సార్," అన్నాడు మున్‌సిక్. "నాకు గ్రాఫిక్స్ కార్డు కొనమన్నది మీరు. కొనమన్నవాణ్ణి వెధవ అన్నదీ మీరేనా?"

యోమ్ గారు ఏమాత్రం తొణకలేదు.

"చూడు తక్. ఆఫీసులో నేను మేనేజర్‌ని. అక్కడ తడుముకోకుండా ఏదో ఒకటి చెప్పాలి. ఇక్కడ నిపుణుణ్ణి. ఇక్కడ ఎవరేం చెప్పినా తప్పనాలి. రెండూ ఒకే ఉద్యోగం అనుకున్నావా?"

మున్‌సిక్ వెనక్కి వచ్చి కూర్చున్నాడు. ఎనిమిది కావస్తోంది. దో గారు గొంతు తగ్గించి, పేజీని ఆపకుండా రీఫ్రెష్ చేస్తుండాలన్నాడు. రీఫ్రెష్ చేస్తే క్యూలో వెనక్కి తోస్తారన్నాడు బోమ్‌జిన్. ఇద్దరికీ ఏమీ తెలియదని, స్క్రీన్ మీద రెండు కిటికీలు తెరవాలని యోమ్ గారు కుర్చీ తిప్పి మరీ చెప్పారు. నీకెవరు చెప్పారంటే నీకెవరు చెప్పారన్నారు. హాల్లో సగంమంది తలలు తిప్పి తమ తమ అభిప్రాయాలు కలిపారు. ఒకరికొకరు సలహా ఇచ్చుకోవడంలో మునిగిపోయి, మున్‌సిక్‌కి సలహా ఇవ్వడం మరిచిపోయారు. కంప్యూటర్ మాటెత్తిన దగ్గర్నుంచి అతనికి ఆ సౌకర్యం దొరకడం అదే మొదలు.

ఎనిమిదైంది. అతను నొక్కాడు.

రెండు కుర్చీలు. మూడో అంతస్తు, ఓ వార. కానీ కుర్చీలు!

హాలంతా ఒక్కసారి నిట్టూర్చింది. మిగతావాళ్లకి పేజీ ఖాళీ అయిపోయింది. మేనేజర్‌కి దొరకని టికెట్టు తనకి దొరికిందని చెప్పుకునేంత అమాయకుడు కాదు మున్‌సిక్. స్క్రీన్ మూసేసి, నాదీ పోయింది సార్ అని విచారంగా తలూపాడు.

సున్‌రే ఆ రాత్రి నారింజరంగు కోటు విప్పలేదు. కొడుకు స్వయంగా పేర్చుకున్న కంప్యూటర్ మీద, తాపీగా, ఒంటిచేత్తో టికెట్లు తీశాడని పాటల క్లాసుకి ప్రకటించింది. ఆ వారాంతానికి క్లాసులో ఆడవాళ్లు తమ తమ కొడుకుల్ని వెంటబెట్టుకుని, పుచ్చకాయలు పట్టుకుని మున్‌సిక్ ఇంటికొచ్చారు. శరదృతువులో తేగు నగరంలో మో జిన్‌హా ఇంకో కచేరీ ఉంది. తామూ కంప్యూటర్లు కొనాలి. ఏం కొనమంటారు?

కొడుకులు నేల మీద బుద్ధిగా కూర్చున్నారు. అందులో ఒకడు మూలకి చూసి, ఆ స్క్రీన్ ఎందుకలా నీలంగా ఉందన్నా అని అడిగాడు.

మున్‌సిక్ తల్లి వైపు చూశాడు. ఆవిడ కళ్లు వెలిగిపోతున్నాయి. తేగు కచేరీకి కూడా వెళ్దామని ఆవిడ పొద్దున్నే అంది. పీసీ బాంగ్ కళ్లముందు మెదిలింది. ఆ హాల్లో కుర్చీలు ఎన్నున్నాయో, తనకి చివరికి ఎన్ని మిగిలాయో గుర్తొచ్చింది. ఎదురుగా ఉన్న కొడుకుల్ని ఒక్కొక్కణ్ణీ చూశాడు. అందరివీ చురుకైన వేళ్లు.

"కార్డు మంచిదైతేనే నీలం అంత చిక్కగా వస్తుంది," అన్నాడు మున్‌సిక్. "పెద్దది కొనండి. కొన్నాక గొట్టాల్లో నీళ్లు తిప్పండి. ఏ తేడా వచ్చినా, సరిగ్గా టికెట్లు పెట్టే రోజు మధ్యాహ్నం ఫార్మాట్ చెయ్యండి."

చూశారా పాఠకులారా! ఒక్క వాన్ కూడా పుచ్చుకోకుండా చెప్పాడు.