మాస్టారు బిగించిన లైట్లు

ఆదివారం పొద్దున కాఫీ గ్లాసు కింద పెట్టేసరికి భూగోళం మాస్టారికి ఆ పూట చేయాల్సిన పని మీద పూర్తి స్పష్టత వచ్చింది. జీపు ముందు బంపరుకు రెండు అదనపు లైట్లు బిగించాలి. భోజనాల వేళకు పని ముగించాలి. భార్య వచ్చి చూసి ఆశ్చర్యపోతుంటే, ఇదేమంత గొప్ప కాదన్నట్టు గుడ్డతో చేతులు తుడుచుకోవాలి. ఈ చివరి ఘట్టాన్ని ఆయన మనసులో అప్పటికే రెండుసార్లు నడిపించుకున్నారు.

జీపు ఆయనది కాదు, భార్యది. ఆమె పశువుల డాక్టరు. చుట్టుపక్కల గుట్టల్లో, వాగుల వెంట, తారు మొహం చూడని దారుల్లో ఎక్కడ ఏ గొడ్డుకు ఒంట్లో బాగాలేకపోయినా, నాలుగు చక్రాలూ లాగే ఆ పాత జీపులోనే వెళ్లాలి. కిందటివారం పొద్దువాలాక కొండదారిలో తిరిగొస్తూ, ఆ జీపు గుడ్డి వెలుతురులో మలుపు కనపడక కాలువలోకి దిగింది. దెబ్బలేం తగల్లేదు. ఆమె మోకాళ్ల దాకా బురదతో ఇంటికొచ్చి, "ఆ లైట్లకంటే మిణుగురులు నయం" అని నవ్వేసి స్నానానికి వెళ్లిపోయింది. మాస్టారికి మాత్రం నవ్వు రాలేదు. మర్నాడు బడి నుంచి నేరుగా దుకాణానికి వెళ్లి లైట్లు కొనుక్కొచ్చారు.

"ఒక పూట బండి వదిలేసి వెళ్లండి, బిగించి పెడతాను" అన్నాడు ఆ దుకాణం పక్కనే ఉండే మెకానిక్.

"బండి లేకపోతే మా ఆవిడకి కుదరదు. నేనే బిగించుకుంటాలే."

"పాఠం చెప్పినంత తేలిక కాదు మాస్టారూ."

అంతే, ఆ మాట ఆయనకు ఎక్కడో గుచ్చుకుంది. నాలుగు రోజులపాటు అన్నం తింటూ కూడా వీడియోలు చూశారు.

సాయానికి బావమరిదిని పిలిచారు. అతను పెళ్లిళ్లకు ఫొటోలు తీస్తాడు. వృత్తిలో రకరకాల లైట్లు వాడతాడు కనుక ఈ పనిలో తనకు ప్రవేశముందని అతని నమ్మకం. మాస్టారి నమ్మకం కూడా అదే.

బంపరుకు రంధ్రాలు వేయడం, పట్టీలు పెట్టి లైట్లు నిలబెట్టడం చక్కగా జరిగిపోయాయి. కొత్త లైట్లు రెండూ కప్పకళ్లలా ముందుకు పొడుచుకొచ్చి బండికి ఒక దర్జా తెచ్చాయి. ఆ ఊపులో మాస్టారు వైర్ల పనిలోకి దిగారు. బ్యాటరీ నుంచి ఒక వైరు, స్టీరింగు దగ్గర పెట్టే స్విచ్చుకు ఒక వైరు. ఆ స్విచ్చుకు కరెంటు అందడానికి, లోపల ఉన్న ఎర్ర వైరుకు కలపమని వీడియోలో చెప్పారు. మాస్టారు స్టీరింగు కింద తలదూర్చి చూస్తే లోపల వైర్లన్నీ ఒకే రంగులో ఉన్నాయి. అది మురికి రంగు.

"ఏది బావా ఎర్రది?"

"పుట్టినప్పుడు ఎర్రగా ఉన్నది ఏదో చూడాలి" అంటూ మాస్టారు ఒకదాన్ని గోటితో గీకారు. కొంచెం ఎర్రగానే కనిపించింది. దానికే కలిపేశారు.

బావమరిది బండి ముందు నిలబడ్డాడు. మాస్టారు పక్కనుంచి చెయ్యి పెట్టి స్విచ్ వేశారు.

"వెలగలేదు బావా."

సంగతేమిటో చూద్దామని మాస్టారు సీట్లో కూర్చుని, అలవాటుగా బ్రేకు మీద కాలు పెట్టారు. బావమరిది రెండు చేతులతో కళ్లు మూసుకున్నాడు.

"వెలిగింది, వెలిగింది. ఇక ఆపు."

మాస్టారు సంతోషంగా కిందికి దిగారు. లైట్లు ఆరిపోయాయి. మళ్లీ ఎక్కారు, వెలిగాయి. దిగారు, ఆరాయి. వైరు ఎక్కడో వదులుగా ఉందనుకుని ఇద్దరూ కలిసి ప్రతి ముడినీ లాగి చూశారు. చివరికి బావమరిదే అన్నాడు: "బావా, నువ్వు కూర్చుంటేనే వెలుగుతున్నాయి. నీ బరువుకేమో."

బరువు కాదని, తాను కలిపింది బ్రేకు వైరుకని మాస్టారికి అర్థం కావడానికి ఇంకాస్త సమయం పట్టింది. సరే, దాన్ని విప్పేలోగా ఎడమవైపు లైటు కాస్త ఊగుతోంది కదా, ముందు అది బిగిద్దామని పట్టీ నట్టు గట్టిగా తిప్పారు. పట్టీకీ బంపరుకూ మధ్య హారను వైరు ఇరుక్కుని ఉందని ఆయనకు తెలియదు. మరుక్షణం హారను మోగడం మొదలుపెట్టింది.

"ఎవరు నొక్కారు?" అన్నారు మాస్టారు.

"నువ్వూ నేనూ ఇక్కడే ఉన్నాంగా."

సరిగ్గా ఆ సమయంలో వంటింట్లో డాక్టరమ్మ ఫోను మోగింది. డాక్టరమ్మ తలస్నానం చేస్తోంది. మాస్టారి తల్లి ఫోను తీసింది. అవతల, ఊరికి దూరంగా గుట్ట కింద ఆవుల షెడ్డు నడిపే డెయిరీ ఆసామి. తల్లి చచ్చిపోతే సీసాతో పాలు పట్టి పెంచుకున్న పెయ్య, ఇప్పుడు తొలిచూలు. పొద్దుటి నుంచి నొప్పులు పడుతోంది, ఈనలేకపోతోంది. కానీ బయట హారను మోతలో పెద్దావిడకు సగం మాటలే వినపడ్డాయి.

"వస్తుంది నాయనా, వస్తుంది. మావాళ్లు ఇద్దరూ లైట్లు బిగిస్తున్నారు. పెద్ద లైట్లు. అవి అవగానే బయలుదేరుతుంది" అని ఆవిడ గొంతు చించుకుని చెప్పింది.

ఆసామికి రెండు సంగతులు బాగా అర్థమయ్యాయి. ఒకటి, డాక్టరమ్మ పెద్ద లైట్లతో వస్తోంది కాబట్టి జరగబోయేది పెద్ద ఆపరేషను. రెండు, బండికి సైరను అప్పుడే మొదలైపోయింది. ఫోను పెట్టేసి ఆయన పనిలో పడ్డాడు.

ఇక్కడ మాస్టారు నట్టు వదులు చేసేసరికి హారను ఆగింది. కానీ లైటు వేలాడింది. సగం బిగిస్తే లైటు నిలబడింది, బండిని కదిపితే హారను కూసింది. తలకు తువ్వాలు చుట్టుకుని బయటికొచ్చిన డాక్టరమ్మ, వెనకాలే వచ్చిన అత్తగారి నోట ఫోను సంగతి విని, లోపలికెళ్లి మందుల సంచితో తిరిగొచ్చింది.

"ఒక్క నిమిషం ఆగు, ఆ వైరు పీకేస్తాను" అన్నారు మాస్టారు.

"ఏది పీకితే ఏది ఊడుతుందో మీకు తెలీదు. దేన్నీ ముట్టుకోకండి. ఇద్దరూ ఎక్కండి, అక్కడ మనుషుల అవసరం ఉంటుంది."

డాక్టరమ్మ బండి తీసింది. ప్రతి గోతికీ హారను కూసింది, ప్రతి బ్రేకుకూ లైట్లు భగ్గున వెలిగాయి. ఆ దారిలో గోతులు లేని చోటు లేదు. ఎదురొచ్చిన పాలవ్యాను పక్కకు ఒదిగి ఆగిపోయింది. ఏనాడూ ఎవరికీ దారివ్వని ఇటుకల ట్రాక్టరు చేలోకి దిగిపోయింది. మలుపు దగ్గర కబుర్లు చెప్పుకుంటున్న నలుగురు లేచి నిలబడ్డారు, ఒకాయన చెప్పులు కూడా విడిచాడు. డాక్టరమ్మ దారి మీంచి చూపు తిప్పలేదు. భార్య అలా బండి నడుపుతున్నప్పుడు తాను మాట్లాడకూడదని మాస్టారికి అనుభవం ఉంది. వెనక సీట్లో బావమరిది మందుల సంచిని కడుపుకి హత్తుకుని కూర్చున్నాడు.

షెడ్డు ముందు చిన్న గుంపు చేరి ఉంది. జీపు చూడగానే దారి వదిలారు. ఆసామి పరుగున వచ్చాడు.

"అన్నీ సిద్ధం చేశానమ్మా. దుమ్ము పడకుండా కిటికీలకు టార్పాలిన్ పట్టాలు కొట్టేశాం. మీ పెద్ద లైట్లకి తగిలించుకుంటారని, లోపలి బల్బుల వైరు కోసి ఉంచాను."

డాక్టరమ్మ లోపలికి తొంగిచూసింది. పొడవాటి షెడ్డు. ఆ చివర ఎక్కడో ఆవు మూలుగు వినిపిస్తోంది గానీ ఆవు కనిపించడం లేదు.

"ఏ పెద్ద లైట్లు?" అంది.

ఆసామి జీపు ముందున్న రెండు లైట్లనూ చూపించాడు. డాక్టరమ్మ మొగుడి వైపు చూసింది. మాస్టారు ఆకాశం వైపు చూశారు.

మేకులు కొట్టిన పట్టాలు పీకేదాకా ఆగే వేళ కాదని, ఫోను వెలుతురులోనే ఆమె ఆవు పక్కన మోకాళ్ల మీద కూర్చుని, మోచేతి దాకా చెయ్యి పెట్టి చూసింది. దూడ ప్రాణంతోనే ఉంది. కానీ ముందు కాలు ఒకటి వెనక్కి మడతపడి అడ్డం తిరిగింది. దూడను కాస్త లోపలికి నెట్టి కాలు సరిచేయాలి. ఆవు పడుకుని ఉంటే లోపల చోటు చాలదు.

"దీన్ని లేపాలి. ఆలస్యమైతే రెండూ దక్కవు" అంది మెల్లగా.

నలుగురు మగాళ్లు తోక దగ్గర, మెడ దగ్గర పట్టి లేపబోయారు. ఆవు కదల్లేదు. ఆసామి దాని చెవిలో ఏదో చెబుతూ కళ్లు తుడుచుకున్నాడు. ఆ గిత్తంత మనిషి అలా కూర్చోవడం చూసి మాస్టారు గుమ్మం బయటికి నడిచారు. తన లైట్ల సరదా లేకపోతే ఈ పాటికి ఇక్కడ బల్బులైనా వెలుగుతుండేవి.

"ఏవండీ, జీపు గుమ్మంలోకి ఎక్కించండి. ఆ దిక్కుమాలిన లైట్లు ఇటు పెట్టండి" అని లోపల్నుంచి కేక వినపడింది.

మాస్టారు ఎగిరి స్టీరింగు ముందు కూర్చున్నారు. ఆదుర్దాలో గుమ్మం దగ్గరి రాతి మెట్టు మీదికి బండిని గట్టిగా ఎక్కించారు. ముందు చక్రాలు మెట్టెక్కి ధబ్బున దిగాయి. వైరు పూర్తిగా నలిగింది కాబోలు, హారను గుక్క తిప్పుకోకుండా మోగింది. రేకుల కప్పు కింద ఆ మోత పదింతలైంది.

పొద్దుటి నుంచి లేవని ఆవు, ఎవరో కింద నిప్పు పెట్టినట్టు లేచి నిలబడింది. షెడ్డులో మిగతా ఆవులు కూడా అంతే పని చేశాయి, కాకపోతే అవి తాళ్లు తెంపుకుని మరీ చేశాయి. వాటిలో రెండు గుంపును చీల్చుకుంటూ బయటికి పోయాయి. "పట్టుకో" అన్న అక్క మాటకు బావమరిది వాటి వెనక పరిగెత్తాడు.

"హారను ఆపండి."

"ఆగట్లేదు."

గుంపులో ఒకాయన బంపరును కాలితో తన్నాడు. హారను ఆగింది. మాస్టారు బ్రేకు నొక్కారు. షెడ్డు ఆ చివరిదాకా పట్టపగలైంది.

"కాలు తియ్యకండి" అంది డాక్టరమ్మ, మళ్లీ చెయ్యి లోపలికి పెడుతూ.

ఆయన తీయలేదు. కాసేపటికి పిక్క పట్టేసింది. తొడ వణికింది. ఒకసారి పాదం జారి షెడ్డంతా చీకటైతే, లోపల్నుంచి ఆయన పేరు మొత్తం ఇంటిపేరుతో సహా వినిపించింది. అప్పటి నుంచి రెండు కాళ్లూ బ్రేకు మీదే పెట్టి, స్టీరింగు కరిచిపట్టుకుని కూర్చున్నారు. వెనక గుంపులో ఎవరో పక్కవాడికి వివరిస్తున్నారు: "ముందు మోత పెట్టి గొడ్డుని లేపుతారు. తర్వాత వెలుతురు కాలితో కొలిచి ఇస్తారు. కొత్త పద్ధతి."

డాక్టరమ్మ మడతపడ్డ కాలు అందుకుంది. గిట్టను అరచేతిలో మూసిపట్టి ముందుకు తిప్పింది. ఇద్దరు తాడు లాగారు. కాస్త ఆగి, మళ్లీ లాగారు. దూడ జారి గడ్డి మీద పడింది. ముక్కు తుడిచి, డొక్కలు రుద్దితే తుమ్మింది. ఆసామి అక్కడే గడ్డి మీద కూర్చుండిపోయాడు. ఆవు వెనక్కి తిరిగి దూడను నాకడం మొదలుపెట్టింది.

మాస్టారిని బండిలోంచి ఇద్దరు పట్టుకుని దింపాల్సి వచ్చింది. కాళ్లు రెండూ ఆయన మాట వినే స్థితిలో లేవు. ఆసామి వచ్చి ఆయన చేతులు పట్టుకున్నాడు.

"మీరు లేకపోతే నా బిడ్డ దక్కేది కాదు మాస్టారూ."

"అబ్బే, అది నిజానికి పొరపాటున..." అని మాస్టారు మొదలుపెట్టారు. నిజాయితీగానే మొదలుపెట్టారు. గుంపులో ఎవరూ వినలేదు.

ఇంటికి వెళ్లేటప్పుడు కూడా బండి డాక్టరమ్మే నడిపింది. పొద్దుటి నుంచి ఆమె కూడబెట్టుకున్న మాటలు చాలానే ఉన్నాయి. చివరికి, "కాలు నొప్పిగా ఉందా?" అని మాత్రం అడిగింది. రెండు ఆవులనూ తోలుకొచ్చి, ఒంటినిండా ముళ్లతో వెనక సీట్లో పడి ఉన్న తమ్ముణ్ని ఎవరూ ఏమీ అడగలేదు.

సోమవారం మెకానిక్ వైర్లన్నీ విప్పి మళ్లీ సరిగ్గా కలిపాడు. ఇప్పుడు స్విచ్ వేస్తే లైట్లు వెలుగుతాయి, నొక్కితేనే హారను మోగుతుంది. డాక్టరమ్మ కొండదారిలో నిశ్చింతగా తిరుగుతోంది. అయితే కబురు గుట్టలన్నీ దాటి పోయింది. ఇప్పుడు ఏ ఆవుకు నొప్పులొచ్చినా, డాక్టరమ్మకు ఫోను చేసినవాళ్లు ముందు అడిగేది మాస్టారు ఖాళీగా ఉన్నారా అని.