టీచరమ్మ డ్రాయర్లో గొట్టం

ఆ రోజు ఉదయం టీచరమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. మొగుడు టీ తాగి తన రిపేరు షాపుకి పోవాలి. అత్తగారు పెరట్లో ఎండకి కూర్చోవాలి. కుట్టు క్లాసు ఆడవాళ్ళు వచ్చేలోగా దొరికే కాస్త ఖాళీలో తను గది తలుపు గడియ పెట్టుకుని, మందు పెట్టుకుని, కాసేపు వెల్లకిలా పడుకుని లేచి, ఏమీ ఎరగనట్టు వచ్చి కత్తెర పట్టుకోవాలి. అంతే. ఈ మాత్రం పనికి ఆవిడ గుండె తెల్లవారుజాము నుంచీ దడదడలాడుతూనే ఉంది.

మందు సంగతి మనమే చెప్పుకోవాలి, టీచరమ్మ చచ్చినా చెప్పదు. ముట్లుడిగి కొన్నేళ్ళయింది. ఒంట్లోంచి సెగలు రావడం తగ్గింది, నిద్ర దారిన పడింది, గండం గడిచిందనుకుంటుండగా కొత్త బాధ మొదలైంది. లోపలంతా పొడిబారిపోయి ఒకటే మంట. బాత్రూముకి వెళ్తే మంట, మెషీన్ ముందు కుదురుగా కూర్చుంటే మంట. మొగుడు దగ్గరికొస్తే కళ్ళమ్మట నీళ్ళొచ్చేంత నొప్పి. ఆ మాట ఆయనకి చెప్పలేక, "నడుం పట్టేసిందండీ, గట్టి మంచం కావాలి" అని అత్తగారి గదిలోకి పక్క మార్చేసింది. ఊళ్ళో సగం మంది ఆడవాళ్ళ కొలతలు నోటికి చెప్పగల మనిషి, "నీ నడుం పెరిగిందే అమ్మాయ్, ఒప్పుకో" అని మొహమ్మీదే అనేసే మనిషి, తన ఒంటి మాట దగ్గరికి వచ్చేసరికి నోట్లో గుండుసూదులు పెట్టుకున్నట్టు పెదవులు బిగించేసింది.

చివరికి బాధ పడలేక, మందుల షాపు మేడమీది డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళింది. వెళ్ళడం కూడా ఎలాగనుకున్నారు? మెడలో టేపు వేలాడేసుకుని, డాక్టరమ్మ తెల్లకోటుకి కొలతలు తీయడానికి వెళ్తున్నట్టు వెళ్ళింది. ఆ మహాతల్లి నిజమే అనుకుని చేతులు చాచి నిలబడింది. భుజం, చెయ్యి, పొడుగు అన్నీ కొలిచాక గానీ టీచరమ్మ నోట్లోంచి అసలు సంగతి ఊడిపడలేదు.

"ఓస్, ఇంతేనా? దీనికింత సిగ్గెందుకమ్మా?" అంది డాక్టరమ్మ. "వయసుతో పాటు హార్మోను తగ్గిపోతుంది. అక్కడి చర్మం పల్చబడి పొడిబారుతుంది. ఆ హార్మోనునే కొంచెం క్రీములో కలిపి అక్కడికే అందిస్తాం. ఈ గొట్టాన్ని ట్యూబు మూతికి బిగించి, గీత దాకా క్రీము నింపి, లోపల పెట్టుకుని వెనక పుల్ల నొక్కడమే. మొదట్లో రోజూ, తర్వాత వారానికి రెండుసార్లు. గుణం కనబడ్డానికి కొన్ని వారాలు పడుతుంది. మధ్యలో మానేయకు."

టీచరమ్మ మానలేదు. మంట తగ్గుముఖం పట్టింది కూడా. దాచిపెట్టడమే పెద్ద పనైంది. ట్యూబుని గుండీల డబ్బా అడుగున పెట్టింది. గొట్టాన్ని వాడిన ప్రతిసారీ కడిగి, ఆరబెట్టి, తన కుట్టుమెషీన్ డ్రాయర్లో బాబిన్ల వెనక దాచింది. ఆ డ్రాయర్ జోలికి ఎవరూ రారని ధీమా. క్లాసులో మెషీన్లన్నిటికీ నెలకోసారి గ్రీజు పెట్టే మనిషి ఒకడున్నాడనీ, ఆ మనిషి కుట్టుమెషీన్ల మెకానిక్కయిన తన మొగుడేననీ ఆవిడకి తట్టనే లేదు.

అత్తగారు పెరట్లోకి వెళ్ళారు. టీచరమ్మ డ్రాయర్ తీసింది. బాబిన్లున్నాయి, సుద్దముక్కలున్నాయి, విరిగిన సూదులున్నాయి. గొట్టం లేదు.

"ఏమేవ్!" క్లాసు గది అవతలి మూల, మెషీన్ల వెనక నుంచి కేక వినబడింది. "ఓసారిలా రా! అద్భుతం చూద్దువుగాని!"

షాపుకి పోవలసిన మెకానిక్ నేలమీద చతికిలబడి, ఒక మెషీన్ని బోర్లా తిప్పి, దాని పొట్టలోకి తొంగిచూస్తున్నాడు. ఆయన చేతిలో గొట్టం. గొట్టం నిండా నల్లటి గ్రీజు.

"పాతికేళ్ళుగా చీపురుపుల్లతో గ్రీజు పెడుతున్నానే. సగం గేరుకి, సగం నా చొక్కాకి. ఇది చూడు! నా గ్రీజు ట్యూబు మూతికి కొలిచినట్టు సరిపోయింది. గీత దాకా నింపు, సందులో దూర్చు, నొక్కు. బొట్టు బయటపడితే ఒట్టు! దీన్ని కనిపెట్టినవాడికి కాళ్ళకి దండం పెట్టాలి. ఎక్కడిదే ఇది?"

నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం లేదు. గదిలో ఇద్దరే ఉన్నారు, తలుపు దగ్గరగా వేసే ఉంది. టీచరమ్మ నోరు తెరిచింది. చెవులు వేడెక్కాయి, మొహం మండిపోయింది, నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"మెషీన్ కంపెనీ పిల్ల వచ్చింది కదండీ మొన్న... శాంపిలిచ్చి పోయింది."

"అనుకున్నా! చూడగానే అనుకున్నా, మెషీన్ల కోసమే పుట్టిందని!"

"ఇటివ్వండి, కడిగి పెడతా."

"కడగడమెందుకే పిచ్చిదానా, మళ్ళీ గ్రీజుకే కదా." మెకానిక్ గొట్టాన్ని పెన్నులాగా చొక్కా జేబుకి తగిలించుకుని లేచాడు. "ఇలాంటివి ఇంకో డజను పట్టుకొస్తా. క్లాసులో మెషీనుకొకటి ఉండాలి."

"వద్దండీ! దొరకవండీ!" అంటూ టీచరమ్మ వీధి గుమ్మం దాకా పరిగెత్తింది. స్కూటరు అప్పటికే మలుపు తిరిగింది. తేలు కుట్టిన దొంగలా ఆవిడ గుమ్మంలోనే నిలబడిపోయింది. అరవడానికి లేదు, ఎవరికైనా చెప్పుకోవడానికి అసలే లేదు.

మెకానిక్ మొదట ఇనప సామాన్ల కొట్టుకి వెళ్ళి చూపించాడు. వాళ్ళు మా సరుకు కాదన్నారు. లేతు షాపులో చూపించాడు. అక్కడ నలుగురు చేతులు మార్చి మార్చి చూసి, ఇదేదో మందుల షాపు సరుకులా ఉందన్నారు. మందుల షాపాయన మహా సిగ్గరి. దూది ప్యాకెట్టుని కూడా మూడు న్యూస్ పేపర్లలో చుట్టి, మొహం పక్కకి తిప్పుకుని ఇచ్చే రకం. గొట్టం చూడగానే కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"వట్టిది అమ్మమండీ," అన్నాడు గొంతు తగ్గించి. "ట్యూబుతో పాటే వస్తుంది."

"అయితే ట్యూబుతోనే ఇవ్వండి. డజను."

"డజనా! ఇంట్లోకేనా అండీ?"

"ఇంట్లోకి ఇదుందిగా, మా ఆవిడ డ్రాయర్లో దొరికింది. మిగతావి ఆవిడ క్లాసులో ఆడవాళ్ళకి. తలా ఒకటి ఇచ్చి, ఎలా పెట్టాలో నేనే దగ్గరుండి నేర్పిస్తా."

షాపాయన కౌంటరు పట్టుకున్నాడు. "మీరా అండీ?"

"ఇంకెవరికి చేతనవుద్దండీ? పాతికేళ్ళ అనుభవం. పాపం ఆడవాళ్ళకి ఇలాంటివి ఎవరూ విడమరిచి చెప్పరు. పొడిపొడిగానే నెట్టుకొస్తారు, పాడయ్యాక ఏడుస్తారు."

షాపాయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. తర్వాత రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. "డాక్టరమ్మ చీటీ లేనిదే ఇవ్వకూడదండీ. మీరు ఇంటికి పదండి, పైకెళ్ళి నేను మాట్లాడతా" అన్నాడు.

మెకానిక్ ఇంటికొచ్చేసరికి క్లాసు నిండుగా ఉంది. గుమ్మంలోంచే మొదలుపెట్టాడు. "ఏమే, మందుల షాపాయన నాకు దండం పెట్టాడే! నీ డ్రాయర్లో దొరికిందంటే నోరెళ్ళబెట్టాడు!"

టీచరమ్మ చేతిలో కత్తెర పక్కదారి పట్టి, ఎవరిదో గౌను చెయ్యి కాస్తా భుజం దాకా తెగింది. "ఏం చెప్పారండీ? ఆయనకి ఏం చెప్పారు?" అంది పీలగొంతుతో. మెకానిక్ జరిగిందంతా పొల్లుపోకుండా చెప్పాడు. లేతు షాపు నలుగురితో సహా చెప్పాడు. ఆ క్షణాన భూమి చీలుంటే టీచరమ్మ మారుమాట లేకుండా దిగిపోయేది. రేపటినుంచి ఏ మొహం పెట్టుకుని ఆ వీధిలో నడవాలి?

"రండమ్మా, అందరూ ఇలా రండి!" అని మెకానిక్ ఒక మెషీన్ని బోర్లా తిప్పేశాడు. ఆడవాళ్ళు చుట్టూ చేరారు. మూల పీట మీద గుండీలు ఏరుకుంటున్న అత్తగారు కూడా మెడ చాపి చూశారు. సరిగ్గా అప్పుడే గుమ్మంలో తెల్లకోటు కనబడింది. టీచరమ్మ కొలిచి కుట్టిన కోటే. దాని వెనక న్యూస్ పేపర్లలో చుట్టిన పెద్ద కట్టతో మందుల షాపాయన. కట్టని గుమ్మంలో పెట్టి, గది నిండా ఆడవాళ్ళని చూసి, ఆయన వెనక్కి తిరిగి చూడకుండా పారిపోయాడు.

"నా సర్వీసులో ఇలాంటి మగవాణ్ణి చూడలేదు!" అంది డాక్టరమ్మ, తలుపు వేసి. "భార్య కోసం కాదు, క్లాసు మొత్తం కోసం పూనుకున్నాడట! మీరు మొదలుపెట్టండి మెకానిక్ గారూ, తర్వాత నేను చెప్తా."

మెకానిక్ ఛాతీ రెండంగుళాలు పెరిగింది. జేబులోంచి గొట్టం తీశాడు. "ఇదిగో, దీన్నిలా గీత దాకా నింపి, ఈ గేరు సందులో..."

"గేరేమిటి?" అంది డాక్టరమ్మ. "ఆ నల్లగా ఉన్నదేమిటి?"

"గ్రీజండీ."

కిటికీ దగ్గర మెషీన్ మీద కుట్టే లావుపాటావిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆగలేదు. భుజాలు ఊగిపోయాయి. పక్కావిడ చెవిలో ఏదో ఊదింది, పక్కావిడ ఇంకో చెవిలో ఊదింది. గది గదంతా ఒక్కసారిగా పకపకలాడిపోయింది. డాక్టరమ్మకి విషయం అర్థమైంది. టీచరమ్మ వైపు ఒక్క చూపు చూసి, చటుక్కున చూపు తిప్పేసుకుంది.

"ఏదో పొరపాటు జరిగినట్టుంది. గొట్టం ఎక్కడో దొరికుంటుంది ఈయనకి" అని గుమ్మం వైపు తిరగబోయింది.

"ఏంటమ్మా? ఎందుకు నవ్వుతున్నారు?" అన్నాడు మెకానిక్. చేతులకి గ్రీజు, మొహాన గ్రీజు, మధ్యలో ఆ చిన్నబోయిన కళ్ళు. "నేనేం తప్పు చేశాను?"

డాక్టరమ్మ నోరు విప్పదని టీచరమ్మకి తెలుసు. మెషీన్ కంపెనీ పిల్ల మీదే తోసేసి తను బయటపడిపోవచ్చు. కానీ అలా ఊరుకుంటే ఈ నవ్వు సాయంత్రానికి ఊరంతా పాకుతుంది. బతికున్నన్నాళ్ళూ ఆయన పేరు చెప్పుకుని జనం నవ్వుతారు. తప్పు తనది, నవ్వు ఆయనకా?

"ఆయన్ని చూసి నవ్వకండి" అంది టీచరమ్మ. "ఆ గొట్టం నాది. మెషీన్లదని నేనే అబద్ధం చెప్పాను."

నవ్వు ఆగిపోయింది. టీచరమ్మ కత్తెర బల్లమీద పెట్టేసింది. చెవుల్లోంచి ఆవిరి వస్తున్నట్టుంది. అయినా, కాలరు ఎలా వేయాలో చెప్పే గొంతుతో మొత్తం చెప్పేసింది. మంట చెప్పింది, పొడిబారడం చెప్పింది, క్రీము చెప్పింది, గొట్టం దేనికో కూడా చెప్పింది. చెబుతున్నంతసేపూ నేల మీది గుడ్డముక్కల్నే చూసింది.

మెకానిక్ తన చేతిలోని గొట్టం వైపు చూశాడు, జేబు వైపు చూశాడు. "లేతు షాపులో నలుగురికీ చూపించానే..." అంటూ నేలమీద కూలబడ్డాడు. కాసేపటికి తలెత్తాడు. "అయితే నీకు నడుం నొప్పి లేదా?"

"లేదండీ."

"నా ఒంటి గ్రీజు వాసన పడక గది మారావనుకున్నానే. అందుకే రోజూ రెండుసార్లు సబ్బు పెట్టి తోముకుంటున్నా. చర్మం ఊడొస్తోంది."

టీచరమ్మకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. "ఆ వాసన లేక నాకు సరిగ్గా నిద్రే పట్టట్లేదండీ" అంది. క్లాసంతా వింటోందన్న సంగతి అన్నాక గానీ గుర్తు రాలేదు.

మూలనుంచి అత్తగారు గొంతు సవరించుకున్నారు. "గుండీల డబ్బాలో ట్యూబు కూడా దాని తాలూకేనా?"

"అవునత్తయ్యా. మీరు చూశారా?"

"చూడ్డమేంటి, కాళ్ళ పగుళ్ళకేమో అనుకుని రోజూ రాసుకుంటున్నా. మడమలు వెన్నలా అయ్యాయి."

"అయ్యయ్యో, అది కాళ్ళకి కాదు పెద్దమ్మా, మానేయండి!" అంది డాక్టరమ్మ.

"మానేస్తాలే," అన్నారు అత్తగారు. గుండీలు పక్కన పెట్టారు. "నాకూ ఆ మంట ఉంది తల్లీ. ముసలితనం అంటే ఇంతే కాబోలనుకుని నోరు మూసుకుని పడున్నా. చెప్పిన నాథుడే లేడు. ఇప్పుడైనా అడక్కపోతే ఎలా? నా వయసుకి కూడా పనిచేస్తుందా అది?"

ఎవరూ నవ్వలేదు. అందరికంటే ముందు నవ్విన లావుపాటావిడే అందరికంటే ముందు లేచి, డాక్టరమ్మ పక్కకి జరిగి, "నాకు కూర్చుంటే మరీ ఎక్కువండీ" అని గొణిగింది. ఆవిడ వెనక ఇంకొకావిడ, ఆవిడ వెనక మరొకావిడ. వయసులో చిన్నవాళ్ళు వాళ్ళమ్మల కోసం అడిగారు. "ఇక్కడ కాదమ్మా, మేడమీదికి రండి, ఒక్కొక్కరినీ చూసి సరిపడేవాళ్ళకే రాస్తా" అంది డాక్టరమ్మ. "కొలతలు తీయక్కర్లేదు, ఊరికే వచ్చేయండి" అని టీచరమ్మ వైపు చూసి నవ్వింది.

టీచరమ్మ పక్క ఆ రాత్రే పాత గదికి మారింది. మందుల షాపాయన ఈ మధ్య ఒక్క పేపర్లోనే చుట్టి ఇస్తున్నాడు. డజను ట్యూబులూ, వాటితో వచ్చిన డజను గొట్టాలూ నెల తిరక్కుండానే తలా ఒక ఇంటికి చేరిపోయాయి.

మెకానిక్ మాత్రం మళ్ళీ చీపురుపుల్లతోనే గ్రీజు పెట్టుకుంటున్నాడు.