ఆరాంఘర్ మృగానికి నివాస ధ్రువపత్రం

రాక్షసమృగాన్ని చంపడానికి ఖడ్గం ఒక్కటే చాలదని, దానితోపాటు రెండు పాస్‌పోర్టు సైజు ఫొటోలు కూడా జతపరచాలని మానవజాతికి మొట్టమొదట తెలియజేసిన ఘనత శంషాబాద్‌దే. తెలియజేసినవాడు శ్రావణ్‌కుమార్. వారమంతా జూనియర్ అసిస్టెంటు, ఆదివారం మాత్రం మహావీరుడు.

ఆదివారం మధ్యాహ్నం ప్రేమ్ రాజ్ కుటుంబం చర్చి నుంచి వచ్చి భోజనం కానిచ్చాక, వాళ్ల అద్దె ఇంటి ముందుగదిలో ఒక ఆట మొదలవుతుంది. ప్రేమ్ రాజ్ కథ చెబుతాడు. బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లు అందులో వీరులై, తాము ఏం చేస్తారో చెబుతారు. ఆ పని అయిందా లేదా అన్నది ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది: పెద్ద అంకె పడితే అయినట్టు, చిన్నది పడితే కానట్టు. మృగాలు పాతకాలానివి, ఊరు మాత్రం నేటి హైదరాబాదు. వీరుల దగ్గర ఖడ్గాలుంటాయి, మెట్రో కార్డులూ ఉంటాయి. (మెట్రో ఇంకా ఇటువైపు రాలేదు కనుక వాటిని కూడా మంత్రవస్తువుల కింద జమకట్టారు.)

ప్రేమ్ రాజ్‌కు ఆటంటే ప్రాణమని మీరు పొరబడవచ్చు. అతని కూతురు జూలీకి స్కూల్లో సీటు దక్కాలంటే నివాస ధ్రువపత్రం కావాలి. గడువు రేపటితో సరి. దరఖాస్తు నాలుగు నెలలుగా ఒక ఆఫీసులో, ఒక బల్ల మీద ఉంది. (ఏ ఆఫీసని అడక్కండి, మీకు తెలిసిందే.) ఆ బల్ల శ్రావణ్‌కుమార్‌ది. ఆయనకు ఈ ఆట పిచ్చి అని టీకొట్టు దగ్గర విని, ప్రేమ్ రాజ్ యూట్యూబ్ చూసి ఆట నేర్చుకున్నాడు. పదకొండు ఆదివారాలుగా ఆయన్ను గెలిపిస్తూ వస్తున్నాడు. ఇవాళ ఆఖరి మృగాన్ని ఆయన చేతుల మీదుగా చంపించి, ఆ సంబరంలో ఫైలు మాట ఎత్తాలి.

"ఆరాంఘర్ ఫ్లైఓవర్ కింద గుహ," అని గొంతు తగ్గించి మొదలుపెట్టాడు. "అండ్ల మూడు తలల మృగం. ఎయిర్‌పోర్టుకు పోయే క్యాబులను మింగుతది. జనమేమో ట్రాఫిక్ అనుకుంటున్నరు. ఇప్పుడు మంచిగ పండుకున్నది సార్. మీ చేతుల మంత్రఖడ్గం ఉంది. పాచిక గూడ అక్కర్లేదు, నరుకుడే."

"కొట్టు భాయ్, జల్దీ!" అని రుబీనా కుర్చీలోంచి లేచింది. ఎయిర్‌పోర్టులో పోయిన సూట్‌కేసుల కౌంటర్ ఆమెది. వారానికి ఒక్క పనైనా పూర్తికావడం కళ్లారా చూద్దామని వస్తుంది.

శ్రావణ్‌కుమార్ కళ్లజోడు సవరించుకున్నాడు. "ఆర్డర్ ఏది?"

"ఏం ఆర్డర్ సార్?"

"చంపుమని ఆర్డర్. నోటిమాట మీద నరికితే రేపు ఎంక్వైరీల ఎవరు జవాబు చెప్తరు ప్రేమన్నా?"

ప్రేమ్ రాజ్ గబగబా ఒక కార్యాలయాన్ని సృష్టించి, అందులో ఒక ఉప సహాయ మృగాధికారిని కూర్చోబెట్టి, ఆయన చేత ఆర్డర్ మీద సంతకం పెట్టించబోయాడు. శ్రావణ్‌కుమార్ ఆపాడు. తలలు ఆరాంఘర్‌లో, తోక రాజేంద్రనగర్ దాకా. కనుక రెండు కార్యాలయాలు, రెండు ఫైళ్లు. పాచిక వేస్తే మూడు పడింది. అధికారి భోజనానికి వెళ్లాడు. మళ్లీ వేస్తే రెండు. సర్వర్ డౌన్.

"యా అల్లా, గా మృగం లేచి మనల్ని తింటది భాయ్!" అంది రుబీనా.

"తిననియ్యక్కా, పద్ధతి తప్పొద్దు." ఆయన ముఖం వెలిగిపోతోంది. "ముందుగాల దానికి నోటీసు ఇయ్యాలె. నోటీసుకు అడ్రస్ ఉండాలె. అడ్రస్‌కు ప్రూఫ్ ఉండాలె. రాసుకో ప్రేమన్నా, మృగానికి నివాస ధ్రువపత్రం."

ప్రేమ్ రాజ్ చేతిలో పెన్ను ఆగింది. అయినా రాశాడు. శ్రావణ్‌కుమార్ స్వయంగా గుహకు వెళ్లి విచారణ జరిపాడు, పంచనామా రాశాడు, మిర్చిబండివాడి వాంగ్మూలం తీసుకున్నాడు. కళ్లు మూసుకుని పాచిక విసిరితే ఇరవై పడింది. ముద్రతో సహా ధ్రువపత్రం జారీ అయింది. అంతా కలిపి పావుగంట.

"ఇగ నరుకుండ్రి సార్," అన్నాడు ప్రేమ్ రాజ్ నీరసంగా.

"ఎట్ల నరుకుత? ఇప్పుడది స్థానిక నివాసి. దాని ఇంటి ముందట కత్తులు పట్టుకొని నిలబడ్డది మనం. మన మీద కేసైతది."

రుబీనా తన ఖడ్గాన్ని, అంటే చేతిలోని పెన్సిల్‌ను, బల్లమీద పెట్టేసింది. మృగం చావలేదు గానీ, శ్రావణ్‌కుమార్ మాత్రం ఆనందంతో ఉక్కిరిబిక్కిరయ్యాడు. "గింత మంచి ఆట జిందగీల ఆడలే ప్రేమన్నా!" అంటూ చెయ్యి పట్టుకుని ఊపాడు.

పథకానికి కావలసింది ఆయన సంబరమే కదా. ప్రేమ్ రాజ్ ఫైలు మాట ఎత్తాడు. "సార్... జూలీ సర్టిఫికెట్. రేపే ఆఖరు తారీఖు. మృగానికి ఇచ్చినట్టే..."

"మృగానిది సొంత గుహ," అన్నాడు శ్రావణ్‌కుమార్, చెయ్యి వదలకుండానే. "నీది కిరాయి ఇల్లు. ఫరక్ ఉంటది. ఓనర్ లెటర్ కావాలె."

"మూడుసార్లు ఇచ్చిన సార్."

శ్రావణ్‌కుమార్ నొచ్చుకున్నాడు. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఆదివారం నాడు ఆఫీసు ముచ్చట పెట్టకన్నా. వారమంతా గదే పని. ఇయ్యాలన్నా మనిషిని జర ఆడుకోనియ్యి," అని, మృగానికి రేషన్ కార్డు కోసం పాచిక చేతిలోకి తీసుకున్నాడు.