తిరుగుటపాలో మర్యాద

పొద్దున్న పదింటికల్లా ఈమెయిలు తెరవాలి, పన్నెండింటికల్లా పని చేజిక్కాలి. పుస్తకాల బైండరు ఆనాటికి వేసుకున్న పథకం అంతే.

పెద్ద గ్రంథాలయం మూడు వందల పుస్తకాలకు కొత్త అట్టలు వేయించదలచింది. ఒప్పంద పత్రాన్ని పన్నెండులోగా, దుకాణం సొంత పేరున్న ఈమెయిలుకే పంపుతామనీ, అందకపోతే పని రెండో బైండరుకు పోతుందనీ తెలిపింది. దుకాణానికి వెబ్‌సైటు ఉంది, ఈమెయిలు లేదు. కోడలు ఉంది కనుక బైండరుకు బెంగ లేదు.

ఆమె దారపుండలు పక్కకు జరిపి, కుట్టుబల్ల మీద ల్యాప్‌టాప్ తెరిచింది. వెబ్‌సైటును నడిపే హోస్టింగు కంట్రోల్ ప్యానెల్ నిండా గళ్లుగళ్లుగా బొమ్మలు. ఆమె వేళ్లు వాటి మధ్య ఎక్కడా తడుముకోలేదు. నలభై ఏళ్లు సూదిని నడిపిన బైండరు ఆ నడకను చేతులు కట్టుకుని చూశారు.

"మామయ్యా, ఉత్తరాల పెట్టెకి ఎంత చోటివ్వను?"

"మనకెవరు రాస్తారమ్మా? చిన్నదే చాలు."

"ఉత్తరం రాగానే దానంతటదే జవాబిచ్చే ఏర్పాటుంది. పెట్టనా?"

ఆయన ముఖం వెలిగింది. దారితప్పి వచ్చిన ఉత్తరానికైనా అదేరోజు జవాబు రాసే మనిషి ఆయన. "పెట్టు తల్లీ. 'మీ ఉత్తరం అందింది, కృతజ్ఞులం' అని రాయి."

"రాసినవాళ్లే మళ్లీ రాస్తే, ఎన్ని గంటలదాకా జవాబు ఆపమంటారు? మామూలుగా ఎనిమిది ఉంటుంది."

"ఆపడమేమిటి, మొహం చాటేసినట్టు? సున్నా పెట్టు."

"సున్నా పెడితే..." అని కోడలు నసిగింది.

"పెట్టెయ్యమ్మా," అన్నారు అత్తగారు లోపలినుంచి. "అద్దంలో మనిషి నమస్కారం పెట్టినా తిరిగి పెట్టనిదే కదలరు మీ మామయ్య."

సున్నా పడింది. 'మా చిరునామా ఇదీ' అని గ్రంథాలయానికి ఉత్తరం వెళ్లింది. మరుక్షణం టింగుమని మోగింది: 'మీ లేఖ చేరినది. ధన్యవాదాలు.' బైండరు లేచి నిలబడి చదివారు. ఇంకో టింగు. మళ్లీ ధన్యవాదాలు.

"చూశావా, మన జవాబుకీ జవాబు. ఎంత సంస్కారమో," అని మురిసిపోతూ ఆయన జిగురు కలపబోయారు. కోడలు కాగితాలు కత్తిరించబోయింది. టింగుల తాళానికి పని హుషారుగా సాగింది.

పన్నెండుకు పావుగంట ఉందనగా తాళం ఆగింది.

"అలిగారేమో చూడమ్మా," అన్నారు బైండరు.

కోడలు చూసి, కత్తెర కింద పెట్టింది. "మామయ్యా, అవతల మనిషి లేడు. వాళ్లదీ ఇలాంటి ఏర్పాటే. మనది జవాబిచ్చింది, దానికి వాళ్లది, దానికి మళ్లీ మనది. పెట్టె నిండిపోయింది. ఇక ఏ ఉత్తరమూ లోపలికి రాదు."

"మరి ఒప్పందం?"

ఆమె సున్నాను తుడిచింది, జవాబులను ఆపింది, పెట్టెను పెంచింది, చెత్తను ఊడ్చింది. ఒక్క నొక్కు వృథా పోలేదు. అంత తొందరలోనూ ఆ ఒడుపును మెచ్చుకోకుండా ఉండలేకపోయారు బైండరు. అప్పటికే పన్నెండు దాటింది.

"నేను గట్టిగా చెప్పాల్సింది మామయ్యా."

"చేతులు నీవి తల్లీ, సున్నా నాది."

ఫోను మోగింది. గ్రంథాలయాధికారి.

"మీకు పంపిన పత్రం వెనక్కొచ్చిందండీ. మీనుంచి మాత్రం వెయ్యిన్నూటపన్నెండు లేఖలొచ్చాయి."

బైండరు ఫోను పట్టుకునే లేచి నిలబడ్డారు.

"రెండో ఆయనకిద్దామంటే, వారం నుంచి మా లేఖ ఒక్కదానికీ జవాబు లేదు. కాబట్టి పని మీకే. పత్రం మళ్లీ పంపుతున్నాను. ఇంకో మాట. వచ్చిన ప్రతి లేఖనూ కాగితం మీద ముద్రించి, సంపుటాలుగా కుట్టించి దాచడం మా నియమం. ఇవాళ్టివి నాలుగు సంపుటాలవుతాయి. ముందు వాటితో మొదలుపెట్టండి."

నెల తిరిగేసరికి నాలుగు సంపుటాలూ తోలు అట్టలతో, బంగారు అక్షరాలతో అరలో కొలువుదీరాయి. పుట వరుస తప్పకుండా పేర్చింది కోడలు, ఒక్క కుట్టూ వంకర పోకుండా కుట్టింది మామగారు. మొదటి పుట చదివినవారు మిగతావి చదవనక్కరలేదు.