వాలీబాల్ ఆటకు శాలువాయే బలం

వాలీబాల్ ఆడటానికి బంతి అక్కర్లేదు. నెట్టు అసలే అక్కర్లేదు. కావలసింది ఒక వేదిక, ఒక మైకు, ఒక శాలువా! నవ్వకండి. మా కాలేజీ సన్మాన కమిటీకి ఏళ్ల తరబడి కన్వీనర్‌గా ఉన్నవాణ్ని, ఉత్తినే మాట్లాడను.

సన్మానాల పిచ్చితో దేశం పాడైపోతోందని కొందరు గొణుగుతుంటారు. వాళ్లకు ఎవరూ ఎప్పుడూ శాలువా కప్పి ఉండరు, పాపం!

అసలు సంగతి చెబుతాను. నిస్సీ మేడం మా కాలేజీకి వాలీబాల్ కోచ్‌గా వచ్చింది. మైదుకూరు దగ్గర పల్లెలో పుట్టి, మా కాలేజీలోనే చదివి, మా గ్రౌండులోనే ఎగిరి, తర్వాత రైల్వే జట్టుకూ దేశపు జట్టుకూ ఆడిన మనిషి. ఆమె స్మాష్ కొట్టడానికి గాల్లోకి లేస్తే, అవతలి జట్టువాళ్లు బంతిని వదిలేసి దేవుణ్ని తలుచుకునేవాళ్లట. అంతటి తార, నగరంలో మంచి ఉద్యోగం కాదనుకుని, కర్నూలు పక్కన ఉన్న మా కంకర గ్రౌండుకు తిరిగొచ్చింది! ఇలాంటి మనిషిని ఏం చేయాలి?

పిల్లలకు ఆట నేర్పించుకోనివ్వాలి అంటారా? మీరు మరీ అమాయకుల్లా ఉన్నారే! సన్మానించాలి.

మొదటి రోజు మేం సన్మానించాం. రెండో రోజు పూర్వవిద్యార్థులు. ఆ తర్వాత పొద్దున నడిచేవాళ్ల సంఘం, సాయంత్రం నడిచేవాళ్ల సంఘం, ఉల్లి వ్యాపారుల సంఘం. ఫొటోగ్రాఫర్ల సంఘం సన్మానం రోజున అందరూ వేదిక మీదే ఉండటంతో ఫొటో తీసే దిక్కులేక, కార్యక్రమం మళ్లీ మొదటినుంచి చేయాల్సి వచ్చింది. ఒకాయన ఎవరో వచ్చాడు, శాలువా కప్పాడు, ఫొటో దిగాడు. పోతూ పోతూ నన్ను పక్కకు పిలిచి, "ఇంతకీ ఈయమ్మ ఏం చేస్తాదప్పా?" అని అడిగాడు. ఏమీ తెలియకుండా, ఏమీ ఆశించకుండా చేసే సన్మానం అంటే అదీ!

వేదిక ఎక్కడ వేశామంటారా? వాలీబాల్ కోర్టులోనే. గ్రౌండు మొత్తంలో చదునుగా ఉన్నది ఆ కాస్త జాగానే మరి. రోజూ విప్పి కట్టడం షామియానావాళ్లకు కష్టమని అలాగే ఉంచేశాం. తాళ్లు నెట్టు స్తంభాలకే కట్టుకున్నాం. ఒక సగమే మేం తీసుకుని, రెండో సగం ఆటకు వదిలాం. మేమేమన్నా ఆటకు శత్రువులమా?

ఒకరోజు నిస్సీ మేడం నా గదికి వచ్చింది.

"సార్, మీ అందరి అభిమానానికి శానా సంతోషం. గానీ నాకింగ శాలువాలొద్దు సార్. నెట్టు సినిగిపోయిండాది. కోర్టంతా రాళ్లు తేలినాయి, పిల్లోళ్లు పడితే తోలు లేస్తాండాది. సాయంత్రం రెండు గంటలు మమ్మల్ని ఇడిసిపెట్టండి, సాలు."

ఆహా, ఏం వినయం! గొప్పవాళ్లంతా ఇంతే, పొగడ్తలు గిట్టవు. ఆ వినయాన్ని మెచ్చుకుంటూ మర్నాడే ఇంకో సన్మానం పెట్టాం.

అయినా ఆ పిల్లలకు అంత తొందరేమిటో! ముఖ్యంగా నాగలతకు. కోసిగి ఊరి పిల్ల, జట్టులో అందరికన్నా పొడుగు. కడపలో యూనివర్సిటీ జట్టు ఎంపికలు దగ్గరపడుతున్నాయి. నేను కుర్చీలు వేయిస్తుంటే వచ్చి ఎదురుగా నిలబడింది.

"సార్, మా నాయన, మాయమ్మ ఈసారి సుగ్గికి గుంటూరు దిక్కు మిరపకాయలు కోసేకి కూలికి పోతాండారు. యూనివర్సిటీ టీములో పేరొస్తే హాస్టల్లో ఉండి సదువుకోమన్నాడు మా నాయన. రాకుంటే నన్ను గూడా బండెక్కమన్నాడు. రొంత జాగా ఇడిస్తే ప్రాక్టీసు సేసుకుంటాం సార్."

"పిచ్చిపిల్లా! ప్రాక్టీసు ఎప్పుడైనా చేసుకోవచ్చు. ఉల్లి వ్యాపారుల అధ్యక్షుడు సోమన్న గారు ఎప్పుడంటే అప్పుడు దొరుకుతారా?" అని నచ్చజెప్పాను. బంతి చంకన పెట్టుకుని వెళ్లిపోయింది. అర్థం చేసుకుందనే అనుకున్నాను.

ఆ మర్నాడు నిస్సీ మేడం షరతు పెట్టింది. శాలువా కప్పదలచినవాళ్లు ముందు కోర్టులోకి దిగి, నాగలత కొట్టే సర్వీసు ఒకటి తీసుకోవాలట! బంతిని పైకి లేపితేనే శాలువాకు ఒప్పుకుంటుందట.

మావాళ్లు జంకుతారా? ఒక ఆడపిల్ల కొట్టే బంతేగా అని మీసాలు దువ్వారు. రెండోసారి సన్మానించడానికి వచ్చిన సోమన్న గారు పంచె ఎగగట్టి అందరికన్నా ముందు దిగారు. బంతి వచ్చి ఛాతీకి తగిలింది. ఆయన శాలువాతో సహా కూలబడి, "ఏమప్పా, ఇది సన్మానమా సంపుడా?" అని నామీద అరిచారు. కన్వీనర్‌ని, నేను వెనకాడితే ఏం బాగుంటుంది? నేనూ దిగాను. నాకు బంతి రావడం కనబడింది, పోవడం కనబడలేదు. కళ్లద్దాలు షామియానా మీద దొరికాయి.

రోజుకొక సంఘం వచ్చింది, రోజుకొక సంఘం కుంటుకుంటూ వెళ్లింది. ఆ పిల్ల సర్వీసు మాత్రం రోజురోజుకూ పదునెక్కింది. ఇప్పుడు చెప్పండి, ఎవరి పుణ్యం అది? శాలువాలే లేకపోతే ఇంతమంది పెద్దమనుషులు బంతికి ఎదురు నిలబడేవారా? సన్మానం ఆటకు మేలు చేస్తుందని ఇంతకన్నా రుజువు కావాలా?

అయినా కమిటీ పరువు ఒకటుంటుంది కదా! ఒక మహా సన్మానం తలపెట్టాం. మేడకన్నా ఎత్తు ఫ్లెక్సీ, వెండిరంగు సింహాసనం, కర్నూలు నుంచి ముఖ్య అతిథి. ఆయన మాకిచ్చిన తేదీ, కడపలో ఎంపికల తేదీ ఒకటే అయ్యాయి. కాలేజీ బస్సు ఒక్కటే. అతిథి గారి అనుచరులను తీసుకురావాలా, ఆటగత్తెలను కడపకు పంపాలా? ఇందులో ఆలోచించడానికి ఏముంది? బస్సు కర్నూలుకు పంపాం.

నిస్సీ మేడం ఏం చేసిందో తెలుసా? వాళ్లన్న ఏసేపు ఉల్లిగడ్డల బొలేరో తెప్పించి, మూటల మధ్య పిల్లల్ని కూర్చోబెట్టుకుని, తెల్లవారేసరికే కడప దారి పట్టింది. నాకు మాటైనా చెప్పలేదు!

ముఖ్య అతిథి వచ్చేశారు. సింహాసనం ఖాళీ. మేం కంగారు పడ్డామా? లేదు. కుర్చీకే శాలువా కప్పాం, కుర్చీకే దండ వేశాం. అతిథి గారు కుర్చీ వైపు చూస్తూ గంటసేపు ప్రసంగించారు. కదలకుండా, వాచీ చూసుకోకుండా చివరిదాకా కూర్చున్న సన్మానగ్రహీతను చూడటం నా అనుభవంలో అదే మొదలు. ఇకముందు అన్ని సన్మానాలూ ఇలాగే చేస్తే బాగుంటుందని కమిటీలో చాలామంది అభిప్రాయపడ్డారు.

పొద్దుగూకే వేళకు బొలేరో తిరిగొచ్చింది. ఈలలు, కేకలు! నాగలత బండి ఆగకముందే దూకి, ఫోన్లో ఊరంతా వినేట్టు అరుస్తోంది.

"నాయనా, నా పేరొచ్చిండాది! నేను సుగ్గికి రాను పో నాయనా! అమ్మకియ్యి, అమ్మకియ్యి ఫోను!"

అవతల వాళ్లమ్మ భీమమ్మ ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు గాని, ఇవతల పిల్లలంతా రెండూ చేస్తున్నారు. నాకూ సంతోషమేసింది, అబద్ధమెందుకు? కళ్లు చెమర్చాయి కూడా. ఉల్లిగడ్డల బండి పక్కన నిలబడ్డాను లెండి.

కాసేపటికి నాగలత నా దగ్గరకు వచ్చింది. "సార్, వచ్చే వారం క్యాంపుకు పోవల్ల. నా బూట్లు అడుగున పగిలిపోయినాయి. కమిటీ నుంచి ఒక జత ఇప్పిస్తారా సార్?"

చూశారా! పేరు రాగానే నెత్తికెక్కడం అంటే ఇదే. నిదానంగా చెప్పాను: "అమ్మాయీ, మా కమిటీ ఉన్నది ఆడేసినవాళ్ల కోసం. ఆడుతున్నవాళ్ల కోసం కాదు. రూల్సు ఒప్పుకోవు."

పక్కనే ఉన్న నిస్సీ మేడం పకపకా నవ్వింది. "నేనాడేటప్పుడు గూడా ఈడ ఇదే మాట సెప్పినారు సార్!"

విన్నారుగా? ఇన్నేళ్లయినా మాట తప్పని సంస్థ మాది! ఇలాంటివి రాష్ట్రంలో ఎన్ని ఉన్నాయో వేళ్ల మీద లెక్కపెట్టండి.

కాబట్టి అమ్మా నాగలతా, దిగులుపడకు. ఆ పగిలిన బూట్లతోనే ఆడు. జిల్లాకు ఆడు, రాష్ట్రానికి ఆడు, దేశానికి ఆడు. మోకాళ్లు అరిగిపోయి, ఇక ఎగరొద్దని డాక్టరు చెప్పిన రోజున నేరుగా మా దగ్గరికి రా. నీకు కప్పే శాలువా ఈ పూటే కొని బీరువాలో పెట్టాం. జరీ అంచుది. బూట్లకన్నా ఖరీదు!