పిన్ని ఇనుము కాజేసిందెవరు?

“నేరస్థుడు పాతాళంలో దాక్కున్నా ఈ కళ్ళ నుంచి తప్పించుకోలేడు పిన్నీ! నేనొచ్చేశాగా, ఇక గుండె మీద చెయ్యేసుకుని నిద్రపో!”

గుమ్మంలో నిలబడి ఇలా ప్రకటించినవాడు పిన్నికి స్వయానా అక్క కొడుకు. పొట్టకూటికి రేడియోలు బాగుచేస్తాడు, పేరు కోసం నేరాలు పరిశోధిస్తాడు. అయినవాళ్ళందరికీ వాడు ‘సీఐడీ’.

పిన్ని బట్టలు కుడుతుంది. కొట్టు మూడో అంతస్తులో. కొన్నాళ్ళుగా నాలుగు మెట్లెక్కితే ఆయాసం, కళ్ళు తిరగడం. రక్తం తక్కువైందని డాక్టరమ్మ మాత్రలు రాసింది. ఎన్ని మింగినా గుణం లేదు. “ఇక కొట్టు మూసెయ్యమ్మా” అని కూతురు పట్టుబట్టింది. కొట్టంటే పిన్నికి ప్రాణం. ఆ దిగులుతో అక్కకి ఫోన్ చేస్తే వీడెత్తాడు.

సీఐడీ జేబులోంచి పాత స్పీకర్ అయస్కాంతం తీసి కిటికీ ఊచలకి ఆనించాడు. మంచం కిందికి దూరాడు. పెనం తిరగేసి చూశాడు.

“ఊచలు క్షేమం. మంచం క్షేమం. పెనం క్షేమం.”

“ఏం వెతుకుతున్నావురా?”

“పోయిన ఇనుము! ‘ఇంట్లో ఇనుము నిలవట్లేదు’ అని నువ్వేగా మొత్తుకున్నావ్?”

“ఇంట్లో కాదురా నీ మొహం మండా, ఒంట్లో!”

సీఐడీ మరుక్షణం మీసం దువ్వాడు. “అయితే దొంగ లోపలివాడే!”

అంతలో చేతిలోని అయస్కాంతం చటుక్కున కాఫీ డబ్బాకి అతుక్కుంది.

“దొరికాడు!”

“అది రేకు డబ్బారా! అతుక్కోక ముద్దెట్టుకుంటుందా?”

“సాక్ష్యం మాట్లాడుతుంటే మనుషులు మాట్లాడకూడదు” అని డబ్బా చంకన పెట్టుకుని ఉడాయించాడు.

పిన్నికి పంతం జాస్తి. వాడు డబ్బా తెచ్చి లెంపలేసుకునేదాకా కాఫీ ముట్టనంది. రోజూ వేడి కాఫీతో మింగే మాత్రని మంచినీళ్ళతో మింగింది. మొదట్లో తలనొప్పితో ఇల్లు పీకి పందిరేసింది. సీఐడీ మాత్రం ‘పరిశోధన సాగుతోంది’ అంటూ ఆ పొడితో పూటకో కప్పు తాగుతూ కూర్చున్నాడు.

నెల తిరిగాక రక్తపరీక్ష కాగితం చూసి డాక్టరమ్మ కళ్ళజోడు సవరించుకుంది. “బాగా పెరిగిందే! ఏం మార్చారు?”

“ఏముందమ్మా, ఈ వెధవ నా కాఫీ ఎత్తుకుపోయాడు.”

“అదీ సంగతి! కాఫీ చెడ్డది కాదు, కాలేయానికి మంచిదే. కానీ కడుపులో మాత్రతో కలిస్తే అందులోని ఇనుముని పట్టేసుకుని ఒంటికి అందనివ్వదు. రెండింటికీ మధ్య రెండు గంటలు ఎడం ఉంచండి, హాయిగా తాగండి.”

“చెప్పలేదూ! దొంగ డబ్బాలోనే ఉన్నాడని!” సీఐడీ కుర్చీలోంచి ఎగిరి లేచాడు.

పిన్నికి ఒప్పుకోక తప్పలేదు. వాడన్నది నిజమే మరి! అంతకంటే పెద్ద కష్టం ఆవిడకి ఈ మధ్య రాలేదు.

మర్నాడు గుడ్డల మూటతో పిన్ని మూడంతస్తులూ ఆగకుండా ఎక్కేసింది. వెనక వస్తున్న సీఐడీ మొదటి అంతస్తులోనే చతికిలబడ్డాడు.

“ఏరా, ఆగిపోయావేం?”

“కా... కాపలా కాస్తున్నా పిన్నీ!”

“కాయి నాయనా, కాయి. మాత్ర వేసుకుని రెండు గంటలు దాటింది, కాఫీ పెడుతున్నా. నువ్వొచ్చేసరికి గిన్నె ఖాళీ అయితే మాత్రం, దొంగెవరని అడక్కు!”