నడవని ఐలికి పతకం

ఎనభై నాలుగేళ్ళ ఐలి ఈ శీతాకాలంలో నెల్లాళ్ళుగా ఒక్క అడుగు కూడా వేయలేదని పురపాలక సంఘం అధికారికంగా ప్రకటించింది. కాలు కదపనివారి మెదడు మొద్దుబారుతుంది కనుక ఆమెచేత ఇల్లు ఖాళీ చేయించి వృద్ధాశ్రమంలో చేర్చాలని తీర్మానించింది. ఆ శుభవార్త చెప్పడానికి యార్మో అనే చురుకైన అధికారిని కారులో పంపింది.

యార్మో వచ్చేసరికి ఐలి ఇంట్లో లేదు. మంచు మీద జారే తన్నుడు బండి మీద మూడు కిలోమీటర్ల అవతలున్న ఉత్తరాల పెట్టె దాకా వెళ్ళింది. ఒక కాలు బండి మీద, ఇంకో కాలు మంచును తన్నుతూ, రెండు చేతులూ పిడి మీద. సంఘంవారు ఆమె మణికట్టుకు కట్టిన, అడుగులు లెక్కపెట్టే గడియారం మహా నిజాయితీపరురాలు. చేయి ఊగితేనే 'అడుగు' అంటుంది, ఊగకపోతే చచ్చినా అనదు. ఐలి గొడ్డలెత్తి దుంగ చీల్చిన ప్రతిసారీ ఆమె కింద పడిపోయిందని కూడా అదే రాసుకుంది. ఆ ప్రకారం ఐలి అడుగైనా వేయకుండా రోజుకు నలభైసార్లు పడుతోంది. సంఘంలో ఎవరికీ ఇందులో వింతేమీ కనిపించలేదు.

"ఇరవై ఏడు రోజులు సున్నా, ఐలి గారూ," అన్నాడు యార్మో, ఆమె తిరిగి రాగానే.

"ఇరవై ఆరు నాయనా. మొన్న ఆదివారం ఆవిరి స్నానానికి వెళ్తూ దాన్ని తీసి గూట్లో పెట్టా. అన్నట్టు ఆవేళ మీ అమ్మ కిర్స్తి పుట్టినరోజు. ఫోన్ చేశావా?"

యార్మో చేయలేదు. 'సంబంధం లేని మాటలు' అని రాసుకున్నాడు.

"మరి ఆ కట్టెలెవరు కొట్టారయ్యా, మా పిల్లి కొట్టిందా?"

"కట్టెలు మా పట్టికలో లేవండీ. మీ పొరుగాయన ఓయివా గారిని చూసి నేర్చుకోండి. రోజుకు పదకొండు వేల అడుగులు!"

ఓయివా గుమ్మం దాటి రెండేళ్ళయింది. పొద్దస్తమానం టీవీ ముందు ఊగుడు కుర్చీలో చేతులాడిస్తూ ఊగుతుంటాడు. ఐలికి ఒళ్ళు మండిపోయింది. ఈ ఇంటి పెరట్లోని ఆవిరిగదిలోనే తను పుట్టింది. అక్కణ్ణించి కదిలేది లేదు. ఆ సాయంత్రమే గొడ్డలి మేకుకు తగిలించి, అటక మీది ఊగుడు కుర్చీ దించింది.

వారం తిరక్కుండా పన్నెండు వేలు. వృద్ధాశ్రమం తీర్మానం రద్దయింది. వసంతానికి పద్నాలుగు వేలు. సంఘం పొంగిపోయి, ఇంత కష్టపడి నడిచే మనిషికి ఇక శ్రమ ఉండకూడదని కట్టెలు ఇంటికే పంపింది, ఉత్తరాల పెట్టెను గుమ్మంలోకి మార్పించింది, తన్నుడు బండిని ప్రమాదకరమని పట్టుకుపోయింది.

మరుసటి శీతాకాలం ఊరి సభలో పతకం. "ఐలి గారి అడుగుజాడల్లో జాతి యావత్తూ నడవాలి!" అన్నాడు సంఘం అధ్యక్షుడు. యార్మో వంగి పతకం మెడలో వేశాడు.

ఐలి అతని మొహంలోకి చూసింది. "ఎవరు నాయనా నువ్వు?"

"యార్మోనండీ. కిర్స్తి కొడుకుని."

"ఏ కిర్స్తి?"

యార్మో ఆమె మణికట్టు వంక చూశాడు. పద్నాలుగు వేల మూడొందలు. హమ్మయ్య అనుకున్నాడు.

సభ యావత్తూ లేచి నిలబడి చప్పట్లు చరిచింది. కొట్టిన ప్రతి చప్పటకూ, అందరి చేతులకూ సంఘం కట్టిన గడియారాల్లో ఒక్కో అడుగు పడింది. అందుకే ఎవరూ ఆపలేదు.